సూది చూస్తే పడిపోయేవాళ్ల కోసం

ఒడిశాలోని మా గుణుపూర్ వైపు జ్వరం వచ్చిందంటే ముందు వేలు చాపాలి. ఇది మలేరియా ప్రాంతం. ఆశా దిది ఇంటికే వచ్చి, వేలి కొస గుచ్చి, పరీక్ష పట్టీ మీద ఒక చుక్క రక్తం వేసి, ఫలితం తేలేదాకా అరుగు మీద కూర్చుంటుంది. 2017లో ఒడిశా ప్రభుత్వం ‘దమన్’ కార్యక్రమం మొదలుపెట్టాక కొండల మీది మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకు కూడా ఈ పరీక్ష చేస్తున్నారు. ఇక్కడి పిల్లలకు ఇది కొత్త కాదు. నాకు మాత్రం సంచిలోంచి ఆ సన్నటి సూది బయటికి తీస్తుండగానే చెవుల్లో హోరు మొదలయ్యేది. అరచేతులు చల్లబడేవి, చూపు అంచుల నుంచి నల్లబడుతూ వచ్చేది. తర్వాత కళ్లు తెరిస్తే నేల మీద ఉండేదాన్ని, ముఖం మీద నీళ్లు, చుట్టూ జనం.

ఆ జనంలో ఎవరో ఒకరు చేతిలో తాళంచెవి పెట్టేవారు. అంటే మూర్ఛరోగమని అనుమానం. పెళ్లి కావలసిన ఆడపిల్ల మీద ఆ మాట పడితే ఏమవుతుందో మా అమ్మకు తెలుసు. అందుకే టీకాల రోజు నన్ను బడికి పంపేది కాదు, జ్వరం వస్తే ఆశా దిదికి కనబడనిచ్చేది కాదు. అమ్మను తప్పుపట్టను. ఆమెకు తెలిసిన రక్షణ అదొక్కటే. కానీ మలేరియా ఉన్నచోట రక్తపరీక్షకు దొరకకుండా పెరగడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

పెళ్లయ్యాక దాక్కోవడం కుదరలేదు. మా ఆడపడుచు కొడుక్కి సికిల్ సెల్ జబ్బు ఉంది, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు అది. నొప్పులు వచ్చిన రాత్రి ఆ పిల్లవాడి ఏడుపు విన్నవాళ్లు మరచిపోలేరు. పరీక్షలో మావారికి ఆ జబ్బు తెచ్చే జన్యువు ఒకటి ఉన్నట్లు తేలింది. నాకూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అది ఖాయంగా తేలాలంటే వేలి చుక్క చాలదు, నరం నుంచి రక్తం తీయాలి. ఆ మాట వినగానే కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయాను. మావారు కోప్పడలేదు. “దీనికీ డాక్టర్లు ఉంటారు, అడుగుదాం పద” అన్నారు.

అలా పూరీ వెళ్లే రైలెక్కి బరంపురంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు, అంటే మానసిక సమస్యలకు చికిత్స చేసే నిపుణురాలి దగ్గరికి వెళ్లాం. మేడమ్ ఒడియాలో మొదలుపెట్టి, నేను తడబడటం చూసి తెలుగులోకి మారారు. బల్లి, చీకటి, నీళ్లు, ఎత్తు అంటూ ఒక్కొక్కటీ అడిగారు. వంశధార వరదకు కూడా జంకని మనిషిని, వేటికీ భయం లేదన్నాను. తర్వాత మా ఇంట్లో ఇంకెవరైనా ఇలా పడిపోతారా అని అడిగారు. గడ్డం గీసుకుంటూ కాస్త తెగితే మా నాన్న గోడ పట్టుకుని కూలబడటం చిన్నప్పుడు చూశాను. అది చెప్పగానే ఆమె తల ఊపారు. రక్తం, సూది, గాయం చూస్తే కలిగే ఈ ఫోబియా, అంటే అదుపులో ఉండని భయం, కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుందట.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. మిగతా ఫోబియాల్లో భయపడితే గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కుక్కను చూసి వణికేవాళ్లు పరుగెత్తుతారు గానీ సాధారణంగా స్పృహ తప్పరు. రక్తం, సూది ఫోబియాలో చాలామందికి మొదట అవి పెరిగి, వెంటనే రెండూ ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు రక్తం చాలదు, మనిషి కూలిపోతాడు. ధైర్యం ఉండటానికీ లేకపోవటానికీ ఇందులో ప్రమేయం లేదు. అందరూ చెప్పే “ఒళ్లు వదులు చేయి” అన్న సలహా ఇక్కడ పనికిరాదు. ఒళ్లు వదులైతే రక్తపోటు నిలబడదు, బిగించాలి. ఇన్నేళ్లలో ఈ ఒక్క మాట నాకు ఎవరూ చెప్పలేదే అని ఆ గదిలోనే ఏడ్చాను, కోపంతో.

ఈ బిగింపు పద్ధతిని 1980లలో స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ రూపొందించారు. కూర్చుని కాళ్లు, పొట్ట, చేతుల కండరాలు ముఖానికి వేడి ఎక్కేదాకా, అంటే పది పదిహేను సెకన్లు బిగించాలి. తర్వాత మామూలు స్థితికి రావాలి గానీ పూర్తిగా సడలిపోకూడదు. అర నిమిషం ఆగి మళ్లీ బిగించాలి. ఇలా ఐదుసార్లు, రోజూ కొన్ని విడతలు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లూ గర్భిణులూ డాక్టర్ని అడిగాకే చేయాలి. నేను అన్నం వార్చి ఒకసారి, మిషను ముందు కూర్చున్నప్పుడు ఒకసారి చేసేదాన్ని. చాలా తొందరగా అలవాటైంది.

కష్టమంతా రెండో భాగంలో ఉంది. బిగింపు నేర్చుకున్నాక భయానికి ఎదురు వెళ్లాలి, అదీ మెట్టు మెట్టుగా. మొదట సిరంజి బొమ్మ, తర్వాత రక్తం తీస్తున్న వీడియో. ఆపైన సూది లేని సిరంజిని చేత్తో పట్టుకోవడం, స్పిరిట్ వాసన వచ్చే ల్యాబు గదిలో ఊరికే కూర్చోవడం, చేతికి రబ్బరు పట్టీ కట్టించుకుని విప్పించుకోవడం. ఒక మెట్టు మీద భయం తగ్గేదాకా పై మెట్టుకు పోనివ్వలేదు మేడమ్. వీడియో దగ్గరే నాకు ఎక్కువ కాలం పట్టింది. చూపు నల్లబడుతున్నట్లు అనిపించిన క్షణంలోనే కాళ్లు బిగించడం, ఆ నలుపు వెనక్కి తగ్గడం మొదటిసారి జరిగినప్పుడు కలిగిన సంతోషాన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. నా ఒంటి మీద నాకు అధికారం వచ్చింది.

రక్తం ఇచ్చిన రోజు ల్యాబులో ముందే చెప్పాను, నాకు కళ్లు తిరుగుతాయి, పడుకోబెట్టి తీయండి అని. ఆ అబ్బాయి “సరే అక్కా” అన్నాడు, అంతే. కాళ్లూ పొట్టా బిగించి, సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచాను. స్పృహ తప్పలేదు. నాలో ఆ జన్యువు లేదని ఫలితం వచ్చింది.

బరంపురం దాకా వెళ్లలేనివాళ్లు ముందు 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మీకు ఏ రకం భయమో, పడిపోతారో లేదో స్పష్టంగా చెప్పండి. ఎందుకంటే చికిత్స దాన్నిబట్టే మారుతుంది. మొదట కలిసినవాళ్లు “ధైర్యంగా ఉండండి” అని పంపించేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. నేనైతే అలాంటివాళ్ల దగ్గర రెండో నిమిషం కూర్చోను.

మా అన్నయ్య కొడుకు పోయిన నెల బడిలో టీకా వేస్తుంటే పడిపోయాడు. “మగపిల్లాడికి ఇదేమిటి” అని అన్నయ్య అంటుంటే, “మన నాన్నకు ఏమైందో నీకూ తెలుసు కదా” అన్నాను. అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు వాడు సాయంత్రం హోంవర్కు ముందు నా పక్కన కూర్చుని పళ్లు బిగబట్టి మరీ కండరాలు బిగిస్తున్నాడు. పళ్లు అక్కర్లేదురా అంటే వినడు. దసరా సెలవుల్లో వాడిని మేడమ్ దగ్గరికి తీసుకెళ్తున్నాం, అన్నయ్యా వస్తానన్నాడు.