తాటిచెట్లెక్కేటోళ్ల ఇంట్ల పుట్టి, హైట్ పాస్‌ల ఫెయిలైన

ఇయ్యాల పొద్దున 11 గంటలకు నా హెల్మెట్ మీద ఆకుపచ్చ స్టిక్కర్ అంటించిన్రు. రెండు వేళ్లంత ఉంటది, ఎత్తు మీద పనికి పంపే హైట్ పాస్ అంటే అదే. దాని కోసం ఐదు రోజులు తిరిగిన, రెండుసార్లు ఫెయిలైన, మూడు రోజుల కూలి పోగొట్టుకున్న. కోపం చల్లారకముందే రాసి పెడ్తున్న. షట్‌డౌన్ పనులకు పోయే తమ్ముళ్లెవరికన్న అక్కరకొస్తది.

మాది కృష్ణ ఒడ్డున సిమెంటు ఫ్యాక్టరీలు వరసగ ఉండే తావు. నేను ఐటీఐ ఫిట్టర్ని. కిల్న్ (సిమెంటు కాల్చే కొలిమి) ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ దినాలల్ల మాకు చేతినిండ పని ఉంటది, కాని పనంత ప్రీహీటర్ టవర్ మీదనే, కిల్న్‌ల పడే పొడిని ముందుగాల వేడిచేసే టవర్ అది. కొన్ని టవర్లు 100 మీటర్లకు పైననే ఉంటయి. ఈ సైట్ల 1.8 మీటర్లు దాటితే హైట్ పాస్ ఉండాల్సిందే. పాస్ లేనోడు కింద నిలబడి బోల్టులు అందించుడే, కూలి గూడ తక్కువ.

ఆధార్, ఫొటోలు, గేట్ పాస్ సగం రోజుల అయిపోయినయి. ఇండక్షన్ వీడియో హిందీల ఏసిన్రు, సగం నిద్రపోయిన.

మెడికల్ కాడ మొదటి దెబ్బ. బీపీ 158/102. ఆడ 140/90 దాటితే ఎత్తు మీదికి పంపరు. రాత్రంత బస్సుల నిలబడి వచ్చిన, గేటు కాడ రెండు చాయలు తాగిన, పెరగక ఏం జేస్తది? పక్కన కూసున్న పోరడు జేబులకెళ్లి గోలీ తీసి "ఏస్కో అన్నా, గంటల దిగుతది" అన్నడు. ఏస్కోలేదు. మీరు గూడ ఏస్కోవద్దు. ఒకరి గోలీ ఇంకొకరు మింగి టవర్ ఎక్కినంక కండ్లు తిరిగితే ఎవరొస్తరు? నేను పోయి పండుకొని, పొద్దున చాయ ముట్టకుండ వస్తె 132/86 వచ్చింది. కండ్లు మూసుకొని ఒంటికాలు మీద నిలబడుడు, రంగుల పుస్తకం చదువుడు, మూర్ఛ ఉన్నదా అని అడుగుడు, ఇవన్ని రెండు నిమిషాల పని.

రాతపరీక్ష కాగితం ఒక దిక్కు ఇంగ్లీషు, ఇంకో దిక్కు హిందీ. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. నాకంటే ఐటీఐ ఇంగ్లీషు వచ్చు, నా ఎనక కూసున్న మేస్త్రీకి ఏం వస్తది? పాతికేండ్ల సంది పరంజాలు కడ్తున్న మనిషి ఆయన. కాగితం ఇచ్చే క్లర్కును అడిగితే "చదువురానోళ్లు ఎందుకొస్తరు" అన్నడు. ఆ టవర్ కట్టింది చదువొచ్చినోళ్లే గావచ్చు మరి.

ఇగ ప్రాక్టికల్.

మా శిక్షణ మాస్టారు విశాఖ దిక్కు మనిషి. ఒకప్పుడు పరంజా పనిలనే ఉన్నడట, ఇప్పుడు సేఫ్టీ దిక్కు వచ్చిండు. యార్డుల ఇనుప చట్రం ఉన్నది. నిలువు నిచ్చెన, 5 మీటర్ల మీద చిన్న పలక, ఆడికెళ్లి అడ్డంగ ఒక బీమ్, నెత్తి మీద లైఫ్‌లైన్ తాడు, బీమ్ నడిమిల ఒక కంబం, ఆ కొసకు ఇంకో నిచ్చెన. గంతే. చూస్తనే నాకు నవ్వొచ్చింది. మా నాయిన, మా తాత తాటిచెట్లెక్కేటోళ్లు. నేను పదిహేనేండ్లకే మోకు (నడుముకు, చెట్టుకు చుట్టే తాడు) ఏసుకొని కల్లు లొట్టి దించిన. ఇరవై రెండు మందిల నేనే ముందు లేచిన.

ఒంటికి పట్టీలు (హార్నెస్) తగిలించుకొని నిచ్చెన పట్టుకున్న. పక్కన నిలువు తాడుకు ఫాల్ అరెస్టర్ (జారితే తాడును పట్టేసి ఆపేది) ఏలాడుతున్నది. ఎక్కేముందు దాన్ని తగిలించుకోవాలె. నేను దాని దిక్కు చూడనే లేదు. అర నిమిషంల పైన ఉన్న. కింద ఒడిశా పోరలు చప్పట్లు కొట్టిన్రు. నాకింక ఊపొచ్చింది. పట్టీలకున్న రెండు తాళ్ల హుక్కులు ఏడ పెట్టాలె అని చూసి, కాళ్ల కాడ పలక యాంగిల్‌కు టక్కున ఏసిన. మళ్ల తీసి తాడుకు ఏసి బీమ్ మీద నడిచిన. నడిమిల కంబం వచ్చింది. రెండు హుక్కులు ఒక్క చేత పట్టుకొని, కంబాన్ని కావలించుకొని అవతలికి దాటిన. తాటిచెట్టు మీద మట్ట దాటినంత అల్కగ.

విజిల్ ఊదిండు. "దిగు బాబూ."

దిగిన. శభాష్ అంటడనుకున్న. ఆయన నన్ను అందరి ముందు నిలబెట్టి, "ఈయన్ని సరిగ్గా చూడండి, ఇలా ఎవరూ ఎక్కకూడదు" అన్నడు. తర్వాత నా ఒంటి మీది పట్టీలు ఒక్కొక్కటి ఏలితోటి చూపిచ్చుడు మొదలుపెట్టిండు. ఎడమ తొడ పట్టీ మెలిక పడి ఉన్నది. ఛాతి పట్టీ గొంతు కాడికి వచ్చింది. తొడకు, పట్టీకి నడుమ పిడికిలి పెట్టిండు, సాఫీగ దూరింది. చాచిన అరచెయ్యి పట్టాలెనట, పిడికిలి పట్టొద్దట. "ఏం గురూ, కట్టుకున్నావా, తగిలించుకున్నావా?" అంటే అందరు నవ్విన్రు. చప్పట్లు కొట్టిన పోరలే ఎక్కువ నవ్విన్రు.

ఆడితోటి ఇడిచిపెట్టిండా? లేదు. చైన్ పుల్లీకి నా వీపు రింగు తగిలించి నేలకు అడుగెత్తున లేపిండు. "పడితే ఎలా ఉంటుందో చూడు." ఒదులు పట్టీలు ఒక్కసారి తొడల సందుకు ఎక్కినయి. ఏడ కోసుకున్నదో మగోళ్లకు చెప్పనక్కర లేదు. ఛాతి పట్టీ గదుమకు తన్నింది. రెండు నిమిషాలకు కాళ్లు తిమ్మిరెక్కినయి. నేను అట్ల ఏలాడుతుంటేనే ఆయన క్లాసు చెప్తున్నడు: కదలకుండ ఏలాడితే రక్తం కాళ్లల్లనే నిలిచిపోతది, మనిషి సొమ్మసిల్లుతడు, అందుకే పట్టీ ఆపింది గదా అని నిమ్మళంగ ఉండొద్దు, జల్ది దించాలె, అందాక కాళ్లు ఆడిస్తనే ఉండాలె అని. నేను ఆడిచ్చిన. ఆ ఆడిచ్చుడు చూసి మళ్ల నవ్విన్రు.

దించినంక ఒక పుల్ల తీసుకొని మట్టిల లెక్క గీసిండు. హుక్కు తాడు 2 మీటర్లు. పడ్డప్పుడు తాడుకున్న షాక్ అబ్జార్బర్ (దెబ్బ తగ్గించే కుట్ల పొట్లం) చినిగి సాగితే 1.75 దాక. వీపు రింగుకెళ్లి పాదాల దాక 1.5. మొత్తం 5.25. "పలక ఎంతెత్తు?" అన్నడు. 5 అన్న. ఆయన ఇంకేం అనలేదు, పుల్ల పడేసిండు. కాళ్ల కాడ హుక్కేస్తే కట్టుకొని గూడ నేలకు తగులుతవు. నెత్తి మీద ఏస్తే పడే దూరమే తగ్గుతది. ఆ లెక్కకు తోడు ఇంకో మీటరు అన్న మిగులు చూసుకోవాలెనట. రాతపరీక్షల ఇదే లెక్క వచ్చింది, రైటే రాసిన. రాసిన చెయ్యే పోయి కాళ్ల కాడ హుక్కేసింది.

అప్పటికి నాకు పౌరుషం తగ్గలేదు. "మా మోకు గూడ చెట్టును ఇడువది మాస్టారూ" అన్న. ఆయన ఎగతాళి చెయ్యలేదు, మోకు ఎట్ల ఏస్తరో నిదానంగ అడిగి తెలుసుకున్నడు. ఆకర్ల "వెనక్కి పడకుండా పట్టుకుంటుంది, సరే. కాలు జారితే కిందికి రాకుండా ఏది ఆపుతుంది?" అన్నడు. నా కాడ జవాబు లేదు. మోకు చెట్టెంబడే జారుతది. కాళ్లకేసుకునే గుజి తప్పి, మోకుకు తలకిందులుగ ఏలాడినోళ్లను మా ఊర్లనే చూసిన.

ఆయన సంచిల పాత అబ్జార్బర్ ఒకటి ఉన్నది, ఎవరో పడంగ సాగినది. కొత్తది అరచెయ్యంత పొట్లం. ఇది చాంతాడు లెక్క బారెడు సాగి, కుట్లు పటపట తెగి, దారప్పోగులు దూదోలె లేచి ఉన్నయి. ఆ కుట్లు తెగుడుతోటే దెబ్బ ఒంటికి తక్కువ తాకుతది, 6 కిలోన్యూటన్లు దాటకుండ చూస్తదట. చేతిల పట్టుకొని శానసేపు చూసిన. ఒకసారి సాగినదాన్ని మళ్ల వాడొద్దు, మడిచి టేపేసి ఇచ్చే స్టోర్లు ఉన్నయి, పొట్లం పట్టి చూడున్రి. పట్టీ మీద ఐఎస్ 3521 ముద్ర, తయారైన తారీఖు గూడ చూడున్రి. ఒట్టి నడుము బెల్టు ఇస్తె తీసుకోవద్దు, పడితే నడుమిరుగుతది.

ఇంకోటి చెప్పాలె. ఫొటో పంపితే 500కు హైట్ సర్టిఫికెట్ చేసిచ్చేటోళ్లు ఉన్నరు. నాతోటి వచ్చినోళ్లల్ల ఇద్దరి కాడ అసోంటివే ఉన్నయి, రంగుల అచ్చు, గుండ్రటి ముద్ర, మస్తు ఉన్నయి. మాస్టారు ఆ కాగితాలను ఎనక్కి తిప్పి గూడ చూడలే, పట్టీ కట్టుకొమ్మన్నడు. ఇద్దరు తొడ పట్టీల చేతులు దూర్చిన్రు. ఫెయిలైనోన్నే గాని నేను ముద్ర కొనుక్కోలే.

కాంట్రాక్టరు సంగతి ఏరే. శిక్షణ దినాలకు కూలి లేదట, బూట్ల పైసలు మాత్రం కోసుకుంటడట. పాత ఫ్యాక్టరీల చట్టం 1948ల 32వ సెక్షన్ ఉండె, ఎత్తు మీద పనిచేసేటోడు పడకుండ కంచో ఇంకోటో పెట్టాలె అని. మాస్టారే చెప్పిండు. అది చెప్పి కూలి అడిగితే కాంట్రాక్టరు, "లాయరువా, ఫిట్టర్‌వా" అన్నడు. పనికి ఒప్పుకునేముందే శిక్షణ దినాల కూలి మాట తేల్చుకోన్రి, నా లెక్క తర్వాత అడుగొద్దు.

నడిమిల ఆదివారం పరీక్ష లేదు. షెడ్డుల కూసొని పట్టీలు కట్టుడు, ఇప్పేసుడు, మళ్ల కట్టుడు ఇదే పని. ఇయ్యాల మళ్ల ఎక్కిన. ముందుగాల ఫాల్ అరెస్టర్ తగిలించి, గుంజి చూసిన. పైన హుక్కు నెత్తి మీది తాడుకు. కంబం కాడ ఒక హుక్కు అవతల పడ్డంకనే ఇవతలిది తీసిన. ముసలోడి లెక్క ఎక్కి, ముసలోడి లెక్కనే దిగిన. ఆరు నిమిషాలు పట్టింది. ఎవ్వరు చప్పట్లు కొట్టలే. మాస్టారు రిజిస్టర్ల టిక్కు పెట్టి "నెక్స్ట్" అన్నడు.

స్టిక్కర్ పడ్డంక నాయినకు ఫోన్ చేసిన.

"ఎంతెత్తు ఎక్కిచ్చిన్రు బిడ్డా?"

"ఐదు మీటర్లు."

శానసేపు నవ్విండు. "మన ఈతచెట్టంత లేదు గదరా! దానికి ఐదు దినాలా?"

2024 జులైల ముఖ్యమంత్రి లష్కర్‌గూడల మొదలుపెట్టిన కాటమయ్య కిట్లు, తాటిచెట్లెక్కేటోళ్లకిచ్చే పట్టీల కిట్లు, యాదికొచ్చినయి. మా నాయినకు గూడ ఒకటి వచ్చింది. "ఆ కిట్టు ఏసుకుంటున్నవా?" అన్న.

"ఏసుకున్న ఒకసారి. తొడలకాడ కోస్తది. గోడకు ఏలాడదీసిన."

"పట్టీల నడుమ పిడికిలి పట్టిందా?"

"గదెవడు చూసిండు?"

వచ్చే ఆదివారం నేను వస్తున్న, అందాక చెట్టెక్కకు అన్న. కల్లు ఎవడు దించుతడురా అని పెట్టేసిండు.