మాస్టారి ‘రన్’

మద్రాసులో మన బడిలో తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెప్పిన మాస్టారు గ్రామర్ పుస్తకం పెద్దగా తెరిచేవారు కారు. ఒక క్రియ బోర్డు మీద రాసి, ‘ఇది జార్జిటౌన్‌లో ఎక్కడెక్కడ పని చేస్తోందో చూసి రండర్రా’ అనేవారు. నాకు బాగా గుర్తున్నది ‘రన్’.

రన్ అంటే పరుగెత్తడమని చిన్నప్పుడే బట్టీ పట్టాం. అందుకే ‘ద బస్ రన్స్’ అంటే నవ్వొచ్చేది. మనకు బస్సు నడుస్తుంది, దుకాణం నడుస్తుంది, బడీ నడుస్తుంది. సినిమా ఆడుతుంది. ముక్కు కారుతుంది. ఇంగ్లిష్‌లో అన్నిటికీ రన్నే. తమిళ సెక్షన్ వాళ్లకు ఈ తిప్పలు తక్కువ. తమిళంలో ‘ఓడు’ అంటే పరుగెత్తడమే. వాళ్ల బస్సూ ఓడుతుంది, గడియారమూ ఓడుతుంది, ఆఖరికి సినిమా కూడా. ఇంగ్లిష్ వాక్యం వాళ్ల నోట్లో సగం తయారుగా ఉండేది. నెల్లూరు నుంచి కొత్తగా వచ్చి చేరిన మనవాడొకడు మాత్రం ‘పడం నల్లా ఓడుదు’ (సినిమా బాగా ఆడుతోంది) అని విని, అభిమాన హీరో సినిమా ఫ్లాపయిందనుకుని మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు. వాడెవరో మన క్లాసువాళ్లకు తెలుసు, పేరు రాయను.

బట్ట రంగు దిగినా ఇంగ్లిష్‌లో రన్నే. మన మద్రాసు గళ్ల గుడ్డ ఉతికితే రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగేవి. అమెరికాలో దానికి ‘బ్లీడింగ్ మద్రాస్’ అని పేరు పెట్టి, ఆ దిగడాన్నే గొప్పగా చెప్పి అమ్మారు. మింట్ స్ట్రీట్‌లో ఎవరైనా అలా చీర అమ్మి బతకగలరా?

1986 సెప్టెంబరులో చెపాక్ టెస్ట్ టై అయింది. 348 కొట్టాల్సిన మనవాళ్లు 347కి ఆలౌట్. మర్నాడు క్లాసులో ఆ ఒక్క రన్ గురించే గోల, క్రియ ఎవరికీ పట్టలేదు. మాస్టారు తెలివిగా రనౌట్ అందుకుని రేషన్ షాపుకి తీసుకెళ్లారు. ‘షుగర్ హాజ్ రన్ అవుట్’ అంటే చక్కెర అయిపోయింది. అది పాఠం చెప్పకుండానే అర్థమైంది!

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు 2011లో సవరించినప్పుడు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారు. మాస్టారికి బాగా ఇష్టమైనది ఎన్నికలది. అమెరికాలో ఎన్నికలకు ‘రన్’ చేస్తారు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అంటారు. ఇందులో మనం బ్రిటన్ వైపు, మనవాళ్లూ నిలబడతారు. ‘గెలిచేదాకా స్టాండే కరెక్టు, గెలిచాక రన్ రాసినా మార్కులు వేస్తాను’ అనేవారు.