స్లీవా, బైపాసా? నా విషయంలో ఎండోస్కోపీ తేల్చింది

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాలని అనుకోవడానికి కన్నా, అందులో స్లీవ్, బైపాస్ అనే రెండు రకాల్లో ఏది అన్నది తేల్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. ఇప్పుడు మా తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్లలో ఈ మాట నడుస్తోంది. అందుకే నేను ఏం చూసుకున్నానో, డాక్టర్లను ఏం అడిగానో వివరంగా రాస్తున్నాను.

నాకు 44 ఏళ్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 98 కిలోలు, అంటే ఎత్తుకు బరువు ఎంత ఎక్కువో చెప్పే బీఎమ్‌ఐ 39. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మాత్రలతో పాటు రాత్రి ఇన్సులిన్ వేసుకున్నా మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 9 కిందికి దిగేది కాదు. ఒకప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకు పోయినదాన్ని, గాలిగోపురం చేరకముందే మోకాళ్లు పట్టుకుని కూర్చునే స్థితికి వచ్చాను. వీటికి తోడు రాత్రిళ్లు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. ఈ చివరిదాన్ని మన ఇళ్లలో ఎవరూ జబ్బుగా లెక్కెయ్యరు. ఆపరేషన్ రకాన్ని తేల్చింది మాత్రం అదే.

"కడుపు కోయించుకునేదేందమ్మా, సంగటి ముద్ద తగ్గించి పొద్దన్నే నడిస్తే చాలదా" అంది అమ్మ. నడిచాను, తగ్గించాను, ఏళ్ల తరబడి. తగ్గినప్పుడల్లా ఆకలి ఇంకా పెరిగి, పోయిన బరువు మళ్లీ వచ్చేది. శరీరం తన పాత బరువుకే తిరిగిపోవాలని చూస్తుందని, అది మనిషి మొండితనమో సోమరితనమో కాదని డాక్టరు అమ్మకే నేరుగా చెప్పారు. ఆ మాట విన్నాక అమ్మ మళ్లీ అడ్డు చెప్పలేదు. 2025 మార్చిలో మన దేశానికి వచ్చిన, బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ గురించి కూడా అడిగాను. బాగా పనిచేస్తుంది, కానీ ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది అన్నారు. ఏళ్ల పాటు ఆ ఖర్చు మా జీతాలతో అయ్యేపని కాదు.

పలమనేరులో మా వదిన అంతకుముందే స్లీవ్ చేయించుకుంది. పొట్టలో దాదాపు 80 శాతం కత్తిరించి తీసేసి, మిగిలిన భాగాన్ని సన్నటి గొట్టంలా కుట్టేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. పేగుల జోలికి పోరు. ఆమె ఇప్పుడు చక్కగా ఉంది. "నువ్వూ అదే చేయించుకో, బైపాస్ అయితే పేగులు కోసి మళ్లీ కుడతారంట" అని భయపడుతూ చెప్పింది. తిరుపతిలో మొదట చూపించుకున్న సర్జన్ కూడా స్లీవ్ వైపే మొగ్గారు. ఆపరేషన్ సమయం తక్కువ, విటమిన్ల లోపం తక్కువ, అవసరమైతే తర్వాత బైపాస్‌గా మార్చుకోవచ్చు అన్నారు. ఇవన్నీ నిజమే. కానీ మా వదినకు షుగర్ లేదు, గుండెల్లో మంట లేదు. నాకు రెండూ ఉన్నాయి.

రెండో అభిప్రాయానికి చెన్నై పోయాం. అక్కడి డాక్టరమ్మ ఏమీ చెప్పకుండా ముందు ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దింపి చూసే పరీక్ష, రాశారు. రిపోర్టులో అన్నవాహిక చివర ఎసిడిటీ వల్ల ఒరిసిన గాట్లు, చిన్న హయాటస్ హెర్నియా అని వచ్చింది. అంటే పొట్ట పైభాగం కొంచెం ఛాతీలోకి జారి ఉంది. ఆమె కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. స్లీవ్ తర్వాత పొట్ట సన్నటి గొట్టం అవుతుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది. యాసిడ్ పైకి తన్నే గుణం ముందే ఉన్నవాళ్లకు అది ఇంకా ముదరవచ్చు. ఫిన్లాండ్‌లో 240 మందిని రెండు జట్లుగా చేసి, సగం మందికి స్లీవ్, సగం మందికి బైపాస్ చేశారట. పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్లలో అన్నవాహిక ఒరిసిపోయి కనిపించింది స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికి. ఆ రెండు అంకెలు విన్నాక స్లీవ్ ఆలోచన నా మనసులోంచి పోయింది.

బైపాస్‌లో పొట్ట పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మాత్రం విడిగా చేసి, చిన్నపేగును దానికి కలుపుతారు. మిగతా పొట్టను తీసెయ్యరు, లోపలే ఉంటుంది, కానీ తిండి అటు పోదు. పైత్యరసం వచ్చే పేగును చాలా కిందగా ఇంకో చోట కలుపుతారు. అందుకే యాసిడ్, పైత్యం రెండూ గొంతు దాకా రావడం తగ్గుతుంది. తిండి పేగు మొదటి భాగాన్ని తాకకుండా నేరుగా కిందికి చేరడంతో హార్మోన్లు మారి, బరువు తగ్గకముందే షుగర్ దిగడం మొదలవుతుంది. ఒకే ఒక్క కలయికతో చేసే మినీ బైపాస్ గురించి మా ఆయన అడిగారు, ఖర్చు, సమయం రెండూ కలిసొస్తాయని. షుగర్‌కి అదీ బాగానే పనిచేస్తుందట. కానీ అందులో పైత్యరసం పొట్ట సంచి పక్కనుంచే పోతుంది కాబట్టి నాలాంటి అన్నవాహికకు వద్దన్నారు. పొట్టకు బిగించే బ్యాండ్ ఇప్పుడు దాదాపు ఎవరూ వేయడం లేదని, పొట్ట లోపల పెట్టే బెలూన్ కొన్ని నెలలకే తీసేసేదని ఒక్క మాటలో చెప్పి వదిలేశారు.

బైపాస్‌లో నన్ను నిజంగా తటపటాయించేలా చేసింది పేగుల కోత కాదు, మోకాళ్ల నొప్పి మాత్రలు. బైపాస్ అయినవాళ్లు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మానెయ్యాలి. పొట్ట సంచి, పేగు కలిసిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. నేను వాటి మీదే రోజులు నెట్టుకొస్తున్నాను. పారాసెటమాల్‌తో బతకగలనా అని ఎముకల డాక్టరును విడిగా అడిగాను. బరువు తగ్గితే మోకాలి మీద భారమే తగ్గుతుంది, ఈలోపు ఫిజియోథెరపీ, పూత మందులతో చూద్దాం అన్నారు. మీకు రోజూ నొప్పి మాత్ర తప్పని జబ్బు ఏదైనా ఉంటే, సర్జన్‌తో మొదటి మాట దీని గురించే మాట్లాడండి. పొగతాగే అలవాటు ఉన్నా అంతే. ఇంకో సంగతి, లోపల మిగిలిన పొట్టను ఇక మామూలు ఎండోస్కోపీతో చూడలేరు. కాబట్టి అనుమానం ఏదైనా ఉంటే ముందే చూసేసుకోవాలి. నాకు పొట్టలో పుండ్లు పుట్టించే హెలికోబాక్టర్ బాక్టీరియా ఉందని తేలి, ముందు దానికి మందులు వాడి, పోయిందని నిర్ధారించుకున్నాకే తేదీ ఇచ్చారు.

ఇన్సూరెన్స్ దగ్గర కొంత తిరగాల్సి వచ్చింది. మన దేశంలో పాలసీల నియమం ప్రకారం బీఎమ్‌ఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. 35 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండె జబ్బు, మందులకు లొంగని టైప్ 2 షుగర్ లాంటిది తోడుండాలి. నాది 39 కాబట్టి షుగర్ అదుపులో లేదని కాగితాల మీద చూపించాలి. పాత చీటీలు, హెచ్‌బీఏ1సీ రిపోర్టులు ఏళ్ల వారీగా ఫైల్లో పెట్టి ఉండటంతో పని జరిగింది. పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ కోసం ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ అయిపోయిందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

ఆపరేషన్ ముందు కాలేయంలో కొవ్వు తగ్గడానికి కొన్నాళ్లు ప్రొటీన్ పానీయాలు, కూరగాయలతో గడిపాను. కష్టమైంది అదే. బైపాస్ ఆపరేషన్ లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల ద్వారానే, అయిపోయింది, మర్నాడే నడిపించారు. ఇంటికి వచ్చేటప్పటికే ఇన్సులిన్ ఆపేశారు. చక్కెర మీటర్లో 118 చూసి మా ఆయన రెండోసారి గుచ్చి చూశారు.

మొదట పలచటి మజ్జిగ, పప్పుకట్టు, తర్వాత మెత్తటివి. ఇప్పుడు సంగటి నిమ్మకాయంత తింటాను, ఊరిబిండి వేలితో తాకినంత, ముందు మాత్రం గుడ్డో, చేపో, పెసరపప్పో. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. శనివారాలు మాంసాహారం ముట్టం కాబట్టి ఆ రోజు పనీరు, పెరుగు లెక్క చూసుకోవాలి. తీపి విషయంలో శరీరమే హద్దు గీస్తుంది. కొండ నుంచి బంధువులు తెచ్చిన లడ్డూ కొంచెం ఎక్కువ తింటే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం. దీన్ని డంపింగ్ అంటారు. ఇప్పుడు కళ్లకద్దుకుని చిటికెడే తీసుకుంటున్నాను. కొన్ని నెలలకు జుట్టు బాగా రాలింది, అది తిరిగి వస్తోంది.

బరువు 74 దగ్గర ఉంది, హెచ్‌బీఏ1సీ 6.1. రాత్రి మంట లేదు. బైపాస్ వల్ల బీ12, ఐరన్, కాల్షియం శరీరానికి తక్కువగా ఎక్కుతాయి కాబట్టి మాత్రలు జీవితాంతం. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకోకూడదు, మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. నేను ఐరన్ పొద్దున, కాల్షియం భోజనాలప్పుడు వేసుకుంటున్నాను. అయినా ఈసారి పరీక్షల్లో ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ తక్కువ వచ్చింది. మాత్ర మార్చాలా, సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకోవాలా అన్నది వచ్చే వారం డాక్టరమ్మతో మాట్లాడాలి.