సెకన్ల ముల్లును ఆపే ఏర్పాటు

రెండో ప్రపంచ యుద్ధంలో ఎల్జిన్, వాల్తమ్, బులోవా సంస్థలు అమెరికా సైన్యానికి అందించిన ఏ-11 చేతి గడియారంలో నాకు అత్యంత ప్రియమైనది ‘హ్యాకింగ్’ అనే ఏర్పాటు. కీ ఇచ్చే క్రౌన్‌ను బయటికి లాగగానే సెకన్ల ముల్లు ఆగిపోతుంది. అధికారి సంకేతం ఇచ్చిన క్షణంలో అందరూ దానిని లోపలికి నొక్కితే, దళంలోని గడియారాలన్నీ ఒకే సెకను నుండి కదలడం మొదలుపెడతాయి. దాడి వేళను ముందుగా నిర్ణయించుకున్న సైనికులకు ఇది అలంకారం కాదు, ప్రాణావసరం.

బ్రిటిష్ సైన్యం కోసం 12 స్విస్ సంస్థలు తయారుచేసిన గడియారాల దారి వేరు. వాటి నల్లని డయల్‌పై సెకన్ల ముల్లు ఆరు అంకె దగ్గర చిన్న వలయంలో విడిగా తిరుగుతుంది. వెనుక మూతపై చెక్కిన మూడు డబ్ల్యూలకు వాచ్, రిస్ట్, వాటర్‌ప్రూఫ్ అని అర్థం; వస్తువు పేరును ముందుంచి, లక్షణాలను తరువాత చేర్చే సైనిక గిడ్డంగుల పద్ధతి అది. డయల్‌పై కనిపించే బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తికి చిహ్నం.