రెండో బోల్టు

కారు ఇంజిన్‌ని స్టార్టు చేసే సెల్ఫ్ మోటారును పట్టి ఉంచేవి రెండే బోల్టులు. మొదటిది ఊడదీయడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. రెండోదానికి శనివారం మధ్యాహ్నం మొదలుపెడితే ఆదివారం చీకటి పడింది.

తాళం తిప్పితే 'టక్'మని ఒక్క చప్పుడు, అంతే. లైట్లు బాగానే వెలుగుతున్నాయి. మల్టీమీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. టెర్మినళ్ళు శుభ్రంగా ఉన్నాయి, మోటారు మీదుండే అయస్కాంతపు స్విచ్చు, అదే సోలినాయిడ్, దాని చిన్న వైరుకి కరెంటు కూడా అందుతోంది. అంటే సోలినాయిడ్ లోపల రాగి కాంటాక్టులు అరిగిపోయి ఉండాలి. కొత్త మోటారు అట్టపెట్టెలోంచి తీసి చేతిలో పట్టుకుంటే, ఈమాత్రం దానికి మెకానిక్ దగ్గరికి పోవడమేంటి అనిపించింది. అక్కడే పప్పులో కాలేశాను.

నా కారులో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. ఈ అమరికకు పేరు తెచ్చింది 1959లో వచ్చిన, ఇంజినీరు అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు. ముక్కు పొట్టిదైతే లోపల కూర్చునేవాళ్ళకి చోటు మిగులుతుందని ఆలోచన. మంచి ఆలోచనే, కాదనను. ఆ మిగిల్చిన చోటు ఎవరి దగ్గర లాక్కున్నారో మాత్రం ఇంజిన్ వెనకాల చెయ్యి పెట్టినవాడికి తెలుస్తుంది. నా సెల్ఫ్ మోటారు సరిగ్గా అక్కడే, ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాల గుత్తి, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంది. ఫ్యాక్టరీలో ఇంజిన్, గేర్‌బాక్సు బయటే కలిపి, మోటారు బిగించి, మొత్తాన్ని ఒకేసారి బాడీలోకి ఎక్కిస్తారు. బిగించినవాడికి చుట్టూ ఖాళీయే, వాడి తప్పేం లేదు.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాను. మోటారుకొచ్చే లావు కేబులుకి ఫ్యూజు ఉండదు, పానా పొరపాటున బాడీకి తగిలిందంటే నిప్పులే. తర్వాత బ్యాటరీ, దాని ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అన్నీ బయటికొచ్చాయి. అయస్కాంతం ఉన్న చిన్న టార్చిని మానిఫోల్డ్ కింద ఇనప క్లాంపుకి అంటించి, గేర్‌బాక్సు పైనుంచి చెయ్యి దూర్చాను.

చెయ్యి దూరితే చూపు దూరదు. చూద్దామని తల వంచితే టార్చి వెలుగుకి నా తలే అడ్డం. ఫోను లోపలికి పెట్టి వీడియో తీసి, బయటికి తెచ్చి చూసి, మళ్ళీ చెయ్యి పెట్టడం. పైగా బోల్టు తల అవతలి వైపు తిరిగి ఉంది. దాన్ని చేరాలంటే మణికట్టు అవతలికి వంచి, వేళ్ళు మళ్ళీ నా వైపు మళ్ళించాలి. తలకి ఎదురుగా నిలబడితే ఎడమకి తిప్పితే వదులవుతుంది. వెనకనుంచి వచ్చిన నాకు అది కుడికి తిరగాలి. ఈ సంగతి నాకు తెలుసు, కానీ నా చేతికి తెలియదు. శనివారం సాయంత్రమంతా చెమటలు కక్కుతూ ఆ బోల్టుని నేను బిగించాను.

ఆదివారం పొద్దున కాగితం మీద బాణం గీసి అద్దానికి అంటించుకున్నాను. ఈసారి గొడవ సందుతో. పన్నెండు మూలల రింగు పానాకి తర్వాతి పట్టు దొరకాలంటే 30 డిగ్రీలు తిరగాలి. ఓపెన్ పానా నోరు 15 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి తిరగేసి మరగేసి పెట్టినా లెక్క అదే 30. నాకున్న ఖాళీ ఇరవై కూడా లేదు. సాకెట్ పెడదామంటే దాన్ని తిప్పే రాట్చెట్ (ఒక వైపే పట్టి, వెనక్కి తిప్పితే జారే పిడి) తల లావు, పట్టదు. పద్నాలుగు నంబరు రింగు పానాని ఎలాగో ఒక మూలకి తగిలించి, దాని తోకకి ఇంకో పానా కొక్కెంలా వేసి లాగితే 'కిర్ర్'మంది. ఆ కిర్రు విని నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయంటే నమ్మండి.

అక్కణ్ణుంచి రాట్చెట్ రింగు పానా. దానికి 72 పళ్ళు, పన్నుకి 5 డిగ్రీలు. నాకు ఒక ఊపుకి రెండు పళ్ళు దొరికాయి. అంటే ఒక్క చుట్టుకి 36 ఊపులు. ఐదు చుట్లకి నూట ఎనభై. తర్వాత వేళ్ళతో తిరిగింది.

వేళ్ళతో తిరిగిన సంబరంలో చివరి మరలో జారవిడిచాను. 'టింగ్'. కాసేపాగి ఇంకో 'టింగ్'. మూడో చప్పుడు రాలేదు. కార్లతో తంటాలు పడ్డవాళ్ళకి ఈ నిశ్శబ్దం బాగా తెలుసు. బోల్టు నేల మీద పడలేదు, మధ్యలో ఎక్కడో కూర్చుంది. పొడుగు కడ్డీ చివర అయస్కాంతం ఉండే పరికరం పంపితే అది దారిలో కనిపించిన ప్రతి ఇనప ముక్కనీ పలకరించి, అతుక్కుని, బోల్టు దాకా పోనే పోదు. చివరికి కారు లేపి, స్టాండ్లు పెట్టి, అడుగు షీల్డు విప్పితే బోల్టు దొర్లి వచ్చింది. దాంతోపాటు ఎప్పటిదో పది నంబరు సాకెట్ కూడా వచ్చింది. అది నాదే. దాని బదులు ఇప్పటికి రెండు కొన్నాను.

కొత్తది ఎక్కించడం గురించి మాన్యువల్లో ఒకే ముక్క: విప్పిన క్రమానికి వ్యతిరేక క్రమంలో బిగించండి. రాసినవాడు ఎప్పుడూ ఆ సందులో చెయ్యి పెట్టి ఉండడు. బోల్టు చివర కాస్త గ్రీజు రాసి, వేలికొనలతో మర పట్టించడానికే ముప్పావుగంట పట్టింది. కుడిచేతి కణుపులు నాలుగూ చెక్కుకుపోయాయి.

తాళం తిప్పాను. మొదటి తిప్పుకే పట్టింది. లోపలికెళ్ళి చేతులు మూడుసార్లు కడుక్కుని, పెద్ద ఇంజినీరులా కుర్చీలో వాలాను. మా అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

"నాన్నా, కారు కింద ఆ వెలుతురేంటి?"

టార్చి. మానిఫోల్డ్ కింద ఎక్కడ అంటించానో అక్కడే ఉంది. లోపల లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు, ఇంజిన్ వేడికి వదిలెయ్యడానికి లేదు. లేచి పది నంబరు పానా తీసుకుని, మళ్ళీ బ్యాటరీ నెగటివ్ దగ్గర మొదలుపెట్టాను.