కుళాయి నీళ్లు 38 డిగ్రీలు, నా బండ వేషం రోల్

మళ్లీ పోయింది. ఈసారి పోయింది తిరుపతి గంగమ్మ జాతరలో, ఒళ్లంతా కుంకుమ పూసుకునే బండ వేషం రోజు తీసిన ఫిల్మ్ రోల్, అందుకే ఇంత కడుపుమంట. చంద్రగిరి రాజమహల్ దగ్గర తీసిన హెచ్‌పీ5 (ఇల్ఫోర్డ్ వాళ్ల నలుపుతెలుపు ఫిల్మ్) మాత్రం చక్కగా వచ్చింది, దాని గురించి చెప్పడానికేమీ లేదు.

పోవడమంటే ఖాళీగా రావడం కాదు. ఫ్రేములన్నీ ఉన్నాయి, ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉంది, డెన్సిటీ బాగుంది. ఆరేశాక లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే తాతయ్యగుంట గుడి వీధిలో నిలబడిన ఒక పిల్లవాడి మొహం, ఒళ్లంతా కుంకుమ, తలకు పూలు, చేతిలో వేపమండ. ఆ చెంప మీద సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు అడుగులాగా. వెనకున్న గోడ మీదా అవే, పైన ఆకాశంలోనూ అవే. మొదటి ఫ్రేమ్ నుంచి చివరి దాకా ఒక్కటీ మిగల్లేదు. పైగా రంధ్రాల వరస పక్కన ఎమల్షన్ (బొమ్మ పట్టే జెలటిన్ పొర) అంచు లేచి ముడతలు పడింది. ఇలా పొర పగలడాన్నే రెటిక్యులేషన్ అంటారు, దాని గురించి చదవడమే కానీ ఇంత నిండుగా నా నెగటివ్ మీదే చూస్తాననుకోలేదు.

ఆ రోజు లెక్కలు ఇవి. డెవలపర్ డీ-76, 1+1, అంటే ఒక వంతు స్టాక్‌కు (చిక్కటి ద్రావణం) ఒక వంతు నీళ్లు. స్టాక్ సీసా గది వేడికి 32 ఉంది, ఫ్రిజ్ నీళ్లు 8, సగం సగం కలిపితే సరిగ్గా 20. పోసేటప్పుడు 20, పారబోసేటప్పుడు 23.5. స్టాప్ (డెవలపర్ పని ఆపేది) 25. ఫిక్సర్ (బొమ్మను నిలిపేది) గూట్లో ఉన్న సీసాలోది, 34. కుళాయి తిప్పితే మొదట వచ్చినవి 41, కాసేపు వదిలాక 38 దగ్గర నిలబడ్డాయి. మిద్దె మీద నల్ల ట్యాంకు, మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. ఇంకెంత ఉంటాయి?

తెల్లవారుజామున అయితే అవే నీళ్లు 31 ఉంటాయి, అది నాకు తెలుసు. కానీ ఆ వేళకు బాత్‌రూమ్ ఎవరిస్తారు? తిరుపతిలో ఇల్లుంటే ఎండాకాలం సెలవుల్లో ఆ ఇల్లు మనది కాదు. దర్శనానికి వచ్చిన పెద్దమ్మ వాళ్లు వెళ్లారనుకునేలోపు మామయ్య వాళ్లు దిగుతారు, మూడు గంటల నుంచే స్నానాలు, అలిపిరి మెట్లు ఎండ రాకముందే ఎక్కాలని. వాళ్లు రావడం నాకు ఇష్టమే, పిల్లలతో ఇల్లు కళకళలాడుతుంది. కానీ డెవలపర్‌లో కలపడానికి ఫ్రిజ్‌లో పెట్టుకున్న నీళ్ల సీసాలు సరిగ్గా నాకు కావలసిన రోజే ఖాళీ అవుతాయి. ఐస్ ట్రేలు రెండూ మజ్జిగకే. అడిగితే అమ్మ "వచ్చినోళ్లకు చల్లటి నీళ్లు ఇయ్యకుండా నీ ఫిలిములకు దాచిపెట్టమంటావేమిరా?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నాన్నది ఇంకో బాధ. కుళాయి కింద అరగంట కడిగితే ట్యాంకు ఎంత దిగుతుందో ఆయన మిద్దెక్కి చూసి వస్తాడు. "ఉద్యోగం సంగతి అడిగితే పలకవు, నీళ్లు మాత్రం ధారపోస్తావు" అన్నాడు. ఆ మాట రెండు రోజులు గుచ్చుకుంది. అప్లికేషన్లు పెడుతూనే ఉన్నాను, అది ఆయనకు కనబడదు, తడిసిన బాత్‌రూమ్ కనబడుతుంది.

సరే, అసలు సంగతికి వస్తా. తప్పు ఎక్కడ జరుగుతోందో తేల్చుకోవాలని అదే రకం ఫిల్మ్ ఒకటి మా ఎదురింటి గోడను ఫొటోలు తీసి, వెలుతురు చొరని చేంజింగ్ బ్యాగ్‌లో ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో రకంగా కడిగాను. డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు మూడూ 27లో: శుభ్రంగా ఉంది. ఫిక్సర్ ఒక్కటే 34, మిగతావి 27: లూప్‌లో వెతికితే లీలగా గింజ కట్టినట్టు కనిపించింది, మామూలుగా చూస్తే తెలియదు. ఫిక్సర్ దాకా 27, కడగడం మాత్రం 38 కుళాయి నీళ్లతో: పగుళ్లు, పూర్తిగా. అన్నీ 33లో చేసిన ముక్కకు పగుళ్లు లేవు, కాకపోతే అంచు మెత్తబడింది, గోరు తగిలితే గీత పడింది, ఫాగ్ (వెలుతురు తగలని చోట కూడా వచ్చే మసక నలుపు) కూడా కొంచెం ఎక్కువే.

అంటే ఎమల్షన్‌ను చంపింది ఒక్కసారిగా మారిన వేడి. 20 డిగ్రీలు పట్టుకోవాలని నేను ఐస్ కోసం ఇంట్లో గొడవలు పడి డెవలపర్‌ను ఎంత చల్లగా ఉంచితే, కడిగే నీళ్లకూ దానికీ మధ్య దూరం అంత పెరిగింది. ఇంకో అనుమానం కూడా ఉంది. మా వీధికి వచ్చే మున్సిపాలిటీ నీళ్లు బోరు నీళ్లంత ఉప్పగా ఉండవు, ఉప్పు తక్కువున్న నీళ్లలో జెలటిన్ ఎక్కువ ఉబ్బుతుంది. నా ర్యాపిడ్ ఫిక్సర్‌లో హార్డెనర్ (జెలటిన్‌ను గట్టిపరిచేది) లేదు. ధర చూసి తెప్పించుకున్న ఈ 100 స్పీడ్ ఫిల్మ్ పేరు చెప్పను కానీ, దాని ఎమల్షన్ హెచ్‌పీ5 అంత గట్టిది కాదని నా అభిప్రాయం. రాజమహల్ రోల్ కూడా ఇవే నీళ్లలో కడిగాను మరి, దానికేమీ కాలేదు. ఎండాకాలం అయ్యేదాకా డబ్బులు ఎక్కువైనా హెచ్‌పీ5 తప్ప వేరేది కెమెరాలో వేయను.

27 ఎక్కడిదంటారా, మట్టికుండది. కిటికీ దగ్గర గాలి తగిలేచోట తడి ఇసుక మీద పెడితే, బయట 41 ఉన్నప్పుడు కూడా లోపల నీళ్లు 27 దగ్గరే ఉన్నాయి. వేసవంతా అదే నా ప్రమాణం. హెచ్‌పీ5కి డీ-76 1+1లో 20 దగ్గర 11 నిమిషాలు, డిగ్రీకి పది శాతం చొప్పున తగ్గించుకుంటూ పోతే 27 దగ్గర ఐదుంపావు వస్తుంది. అంత తక్కువ టైమంటే నాకు భయం, ఆకాశం సమంగా రాదు. అందుకే 1+3 పట్టుకున్నా. డీ-76 లాంటిదే అయిన ఇల్ఫోర్డ్ ఐడీ-11కి 1+3లో ఇచ్చిన 20 నిమిషాలను అదే లెక్కన తగ్గిస్తే తొమ్మిదిన్నర. 300 మిల్లీలీటర్లలో స్టాక్ 75 మాత్రమే పడుతుంది, అది ఒక రోల్‌కు చాలదు, కాబట్టి రెండు రీళ్ల డెవలపింగ్ ట్యాంకులో ఒక్క రోల్ వేసి 600 పోయాలి. కడగడానికి ఇల్ఫోర్డ్ పద్ధతి: నింపి 5 సార్లు తిప్పు, పారబోయి, మళ్లీ నింపి 10, మళ్లీ 20. రెండు లీటర్ల లోపే అయిపోతుంది, కుండ చాలు. నాన్నకు లెక్క చూపించాను. ఏమీ అనలేదు కానీ, మర్నాడు కుండ కిందికి ఇసుక తెచ్చింది ఆయనే.

చిత్తూరులో ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయన ఒకరున్నారు, ఫోన్ చేస్తే గంట మాట్లాడారు. ఊటీలో తయారైన ఇందు ఫిల్మ్ కాలంలో వాళ్లు వేసవిలో హార్డెనర్‌గా పటిక లేకుండా ఫిక్సర్ కలిపేవాళ్లే కాదట. పుస్తకాల్లో ఉన్న కొడాక్ ఫిక్సర్ ఎఫ్-5 కూడా అదే కదా, లీటరుకు హైపో (సోడియం థయోసల్ఫేట్) 240 గ్రాములు, పటిక 15. ఉత్త హైపోలో పటిక ఒక్కటే వేస్తే తెల్లగా విరిగిపోతుంది, సల్ఫైట్, అసిటిక్ యాసిడ్, బోరిక్ యాసిడ్ వరసగా పడాలి. దాని తర్వాత డీకే-15 కూడా కలిపి చూడాలని ఉంది, లీటరుకు 45 గ్రాముల సోడియం సల్ఫేట్ పడే పాత ఉష్ణదేశాల డెవలపర్ అది, జెలటిన్‌ను ఉబ్బనివ్వదు. దుకాణంలో సల్ఫేట్ అడిగితే సల్ఫైట్ ఇచ్చేవాళ్లు ఉంటారు, పొట్లం మీద పేరు చదువుకోండి.

వచ్చే జాతరకు నా పెంటాక్స్ కే1000 కెమెరాకి ఆరెంజ్ ఫిల్టర్ కూడా కొనాలి. ఫిల్టర్ లేకుండా బండ వేషం కుంకుమ మరీ నల్లబడింది, కళ్లు తప్ప మొహంలో వివరం లేదు. రెడ్ పెడితే ఉల్టాగా తెల్లగా తేలిపోతుంది. ఆరెంజ్ మధ్యలో ఆగుతుందని నా అంచనా, దొర వేషం చందనానికి మాత్రం ఫిల్టర్ తీసేయాలి. ముందు శనివారం చిత్తూరు బస్సెక్కి పెద్దాయన దగ్గరున్న పాత త్రాసు తెచ్చుకోవాలి, మా వంటింటి కాటా ఐదు గ్రాముల లోపు తూకం చూపించదు.