టమాటాల ఊళ్లో క్రిస్మస్ తాత

శాంటా క్లాజ్ అసలు ఊరు చూడాలంటే ఉత్తర ధ్రువం దాకా పోనక్కర్లేదు. టర్కీ దక్షిణ తీరంలో, అంతాల్యాకి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో దెమ్రె అని ఒక చిన్న ఊరుంది. మంచూ గించూ ఏమీ ఉండదు. చుట్టూ ఎటు చూసినా టమాటాలు, మిరప పండించే గ్రీన్‌హౌస్‌లే, కొండ మీది రోడ్డు నుంచి కిందకి చూస్తే ఊరికన్నా ముందు ఆ తెల్లటి కప్పులే కనపడతాయి. డిసెంబరులో అంతాల్యా హోటళ్లు చవగ్గా దొరుకుతాయని అన్నయ్యా వదినలతో కలిసి వెళ్లాను, తీరా వెళ్తే సముద్రంలో దిగడానికి చలి. ఇక ఏం చూడాలిరా బాబూ అనుకుంటుంటే వదినే అంది, "మూర ఇక్కడికి దగ్గరేగా, పదండి పోదాం" అని.

మూర అంటే దెమ్రె పాత పేరే, తెలుగు బైబిల్లో అలా ఉంటుంది, మిగతా ప్రపంచం మైరా అంటుంది. తొలి క్రైస్తవ బోధకుడు పౌలును ఖైదీగా రోముకి తీసుకెళ్తూ ఓడ మార్చింది ఇక్కడే, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఉంది. మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. వదిన సండే స్కూల్లో పెరిగి ఇప్పుడు సండే స్కూల్ నడుపుతున్న మనిషి కాబట్టి ఆవిడకి శాంటా కన్నా పౌలే ముఖ్యం. అన్నయ్యకి రెండూ ముఖ్యం కాదు, మధ్యాహ్నం చేపలు ఎక్కడ బాగుంటాయన్నదొక్కటే ఆయన టెన్షన్.

అంతాల్యా బస్టాండులో మినీబస్సెక్కితే ఒక పక్క కొండ, ఒక పక్క నీలం సముద్రం, మధ్యలో ఫినికె అనే ఊరు. ఫినికె నారింజలకి ప్రసిద్ధి, రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్ముతుంటారు, ఒక సంచి కొనుక్కుని తింటూ కూర్చున్నాం.

శాంటాకి మూలమైన నికొలాసు గుడి దెమ్రె నడిబొడ్డునే ఉంది, కానీ వీధిలోంచి చూస్తే గుడిలా కనపడదు, ఎందుకంటే అది వీధి మట్టానికి బాగా కింద ఉంటుంది. శతాబ్దాలపాటు ఏరు మోసుకొచ్చిన ఒండ్రు ఊరినంతా కప్పేసింది, 19వ శతాబ్దంలో రష్యన్లు పూనుకుని బాగుచేయించడం మొదలుపెట్టారు. మెట్లు దిగి లోపలికి పోతే వెలిసిపోయిన గోడబొమ్మలు, నేల మీద రంగురాళ్లు ముక్కలు ముక్కలుగా కోసి పేర్చిన చక్రాలూ చదరాలూ, అవి మాత్రం ఇప్పటికీ ఎంత బాగున్నాయంటే తొక్కడానికి మనసొప్పలేదు. ఒక పక్క నడవలో పాలరాతి సమాధి పెట్టె ఉంది, ముందు అద్దం బిగించారు. పెట్టెకి ఒక పక్క పెద్ద చిల్లు. 1087లో ఇటలీలోని బారి పట్నం నావికులు వచ్చి నికొలాసు ఎముకలు ఎత్తుకుపోయింది ఇందులోంచేనని చెబుతారు. 1071లో మాంజికెర్ట్ యుద్ధం తర్వాత ఈ ప్రాంతాలు సెల్జుక్ తురుష్కుల చేతిలోకి పోతున్నాయి, పుణ్యపురుషుణ్ణి కాపాడుకున్నాం అని బారి వాళ్ల వాదన. నాకైతే అది పక్కా దొంగతనమే, ఎందుకంటే అప్పట్లో మంచి అవశేషాలున్న ఊరికి యాత్రికులొస్తారు, యాత్రికులొస్తే డబ్బులొస్తాయి.

ఆ అద్దం ముందు రష్యన్ ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. అద్దం నిండా నుదుళ్లు ఆనించిన మరకలు, పెదాల మరకలు. ఒకావిడ తల గుడ్డ సర్దుకుని, సంచిలోంచి అరచేతిలో పట్టేంత చెక్క పటాలు తీసి, ఒక్కొక్కటే అద్దానికి ఆనించి, ఏదో గొణుక్కుని, మళ్లీ జాగ్రత్తగా రుమాల్లో చుట్టి పెట్టుకుంది, మన దగ్గర దర్గాకి పోయినవాళ్లు తాయెత్తు తాకించి తెచ్చుకున్నట్టు. బహుశా ఇంటి దగ్గర వాళ్లకి ఒకటీ, పక్కింటి వాళ్లకి ఒకటీ అయ్యుంటుంది. వదిన కొంచెం దూరంగానే నిలబడింది. "మనకి ఇవన్నీ లేవుగా" అంది మెల్లిగా, కానీ చూపు మాత్రం తిప్పుకోలేదు.

ఇంతకీ ఈ నికొలాసు ఎవరంటే, నాలుగో శతాబ్దంలో ఈ ఊరి బిషప్పు. పక్కనే పతారాలో పుట్టాడని, రోమన్ చక్రవర్తి డయోక్లెటియన్ కాలంలో క్రైస్తవుల్ని హింసించినప్పుడు జైల్లో ఉన్నాడని, 343 ప్రాంతంలో చనిపోయాడని సంప్రదాయం. ఆయన గురించి అందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఒక తండ్రికి ముగ్గురు కూతుళ్లు, చితికిపోయిన కుటుంబం, కట్నం ఇచ్చుకోలేడు, కట్నం లేకపోతే పెళ్లి లేదు, ఇక ఆ పిల్లల్ని వేశ్యావాటికకి అమ్మేయడమే మిగిలింది. నికొలాసు రాత్రిపూట ఎవరికీ తెలియకుండా కిటికీలోంచి బంగారం మూట విసిరేసి పోయాడు. పెద్దపిల్ల పెళ్లయింది. మళ్లీ ఒకటి విసిరాడు, రెండో పిల్ల పెళ్లయింది. మూడోసారి తండ్రి కాపు కాసి పట్టుకుంటే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట. గుడి బయట చెట్టు కింద కూర్చుని నేనిది ఫోన్లో చూసి చదువుతుంటే వదిన "కట్నానికా!" అని ఒక్క అరుపు అరిచింది, పక్కన ఐస్‌క్రీం తింటున్న కుటుంబం అంతా మా వైపు తిరిగారు. తర్వాతి కాలంలో ఆ మూట కాస్తా పొగగొట్టంలోంచి పడి, ఆరేసిన మేజోడులో చిక్కుకుందన్నారు. పడమటి దేశాల్లో క్రిస్మస్‌కి మేజోళ్లలో నారింజపండు పెట్టడం ఆ బంగారానికి గుర్తేనంటారు. అన్నయ్య ఇది విని సంచిలో మిగిలిన నారింజలు లెక్కపెట్టాడు.

నాకు ఆ రోజంతా బుర్రలో తిరిగిన సంగతి ఇంకొకటి. ఈ నికొలాసు బతికుండగా డిసెంబరు 25న క్రిస్మస్ చేసుకుని ఉండడు, బహుశా. ఆ తేదీన యేసు జన్మదినం జరిపినట్టు మనకున్న మొదటి ఆధారం రోమ్‌లో 354లో కూర్చిన ఒక పంచాంగం, అందులోని జాబితా 336 నాటిదంటారు. తూర్పు సంఘాల్లో అప్పట్లో జనవరి 6 ముఖ్యం, అర్మేనియా సంఘం ఈరోజుకీ ఆ తేదీనే చేస్తుంది. ఇదే టర్కీలో ఇంకాస్త తూర్పున ఉన్న అంతియొకయలో 386లో క్రిసోస్తమ్ అనే క్రైస్తవ బోధకుడు ప్రసంగిస్తూ, ఈ పండగ మనకి తెలిసి పదేళ్లు కూడా కాలేదన్నాడు. అప్పటికి నికొలాసు పోయి నలభై ఏళ్లు దాటింది. అంటే క్రిస్మస్‌కి ముఖచిత్రమైపోయిన మనిషికి ఇప్పటి క్రిస్మసే తెలియదు.

అసలు మనం పాతకాలం నుంచీ ఇలాగే ఉంది అనుకునేవి ఎక్కువ భాగం తర్వాత వచ్చి చేరినవే. ఐరోపాలో చాలాకాలం పిల్లలకి బహుమతులు ఇచ్చింది డిసెంబరు 6న, నికొలాసు పండగ రోజు. పుణ్యపురుషులకి మొక్కడం నచ్చని జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ ఆ బహుమతుల్ని క్రిస్మస్‌కి మార్చి, బహుమతులు తెచ్చేది బాలయేసు అని నేర్పించాడంటారు. ఆ లూథర్ పేరు మీదే 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి సంఘం మొదలుపెట్టాడు. ఇంతా చేస్తే మా గుళ్లో ప్రతి క్రిస్మస్‌కీ దూది గడ్డం, ఎర్ర కోటు వేసుకుని చెమటలు కక్కుతూ చాక్లెట్లు పంచేది ఎవరు, లూథర్ తలుపులోంచి పంపేసిన ఆ నికొలాసే. మధ్యలో అమెరికా చుట్టి వచ్చాడంతే. డచ్చి వాళ్ల సింటర్‌క్లాస్ న్యూయార్కులో శాంటా క్లాజ్ అయ్యాడు, 1823లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్నం పత్రికలో అచ్చయిన ఒక పద్యం ఆయనకి ఎనిమిది రెయిన్‌డీర్లు ఇచ్చింది, 1863 నుంచి థామస్ నాస్ట్ కార్టూన్లు బొజ్జ పెంచాయి, 1931 నుంచి కోకాకోలా ప్రకటనల్లో చిత్రకారుడు సండ్‌బ్లోమ్ గీసిన బొమ్మలు ఆ ఎర్ర కోటుని ఊరూరా ఖాయం చేశాయి. ఇదే అమెరికాలో, మసాచుసెట్స్‌లో, 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది! క్రిస్మస్ అర్థం చెడిపోయింది అని ఏటా డిసెంబరులో వాపోయేవాళ్లని చూస్తే, ఏ ఏడాది క్రిస్మస్ గురించండీ అని అడగబుద్ధేస్తుంది.

దెమ్రె కూడా ఈ గొడవలో పడింది. 2000లో రష్యా ఇచ్చిన బిషప్పు కంచు విగ్రహం ఊళ్లో నిలబెట్టారు. 2005లో దాన్ని తీసేసి ఎర్ర కోటు ప్లాస్టిక్ శాంటాని పెట్టారు, టూరిస్టులు గుర్తుపట్టేది ఆయన్నే కదా అని. రష్యన్లకి ఒళ్లు మండింది, చివరికి కంచు బిషప్పుని గుడి దగ్గరకి చేర్చారు. గుడి వీధిలో దుకాణాలు చూస్తే ఆ తగాదా ఇంకా నడుస్తున్నట్టే ఉంటుంది: ఒక అరలో రష్యన్ అక్షరాలతో బిషప్పు పటాలు, నుదురు బట్టతల, గడ్డం పొట్టిగా, చూపు సూటిగా, దాని పక్క అరలో ఎర్ర టోపీ ఫ్రిజ్ మాగ్నెట్లు. అమ్మేవాడు ఒకడే. ఏది ఎక్కువ పోతుందని అడిగితే నవ్వి, వేసవిలో అయితే రెండూ పోతాయన్నాడు.

రాత్రి అంతాల్యా హోటల్ లాబీలో దీపాలు చుట్టిన చెట్టుంది. క్రిస్మస్‌కి ఏమైనా ప్రత్యేకం ఉందా అని రిసెప్షన్లో అడిగాను, అది కొత్త సంవత్సరం చెట్టు అన్నాడు కుర్రాడు మర్యాదగా. టర్కీలో అంతే, చెట్టూ, దీపాలూ, నోయెల్ బాబా అని పిలిచే తాతా, అన్నీ 31 రాత్రికి సంబంధించినవి, యేసు పుట్టుకతో వాళ్లకి పని లేదు.

భోజనాల దగ్గర వదిన ఉన్నట్టుండి, "ఈసారి సండే స్కూల్ నాటికలో గొర్రెల కాపరులూ జ్ఞానులూ వద్దు, ఈ ముగ్గురు కూతుళ్ల కథ వేయిస్తా" అంది.

"వేయించు, బాగానే ఉంటుంది. మన సంఘంలో కట్నం తీసుకోకుండా పెళ్లి చేసుకున్నవాడు ఎవడున్నాడే? ముందు వరసలో పెద్దలంతా కూర్చుంటారు, ముఖాలు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు అన్నయ్య చేప ముల్లు తీసుకుంటూ.

"తండ్రి వేషం మీరే వేస్తున్నారు" అంది వదిన.